రక్తానికి అన్నం, రోగానికి ఆకలి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

రక్త క్యాన్సరుకు చికిత్స జరుగుతున్న ఇంటికి వెళ్లినవారెవరైనా ఒక మాట వింటారు. జబ్బుకన్నా మందే ఎక్కువ బాధపెడుతున్నదని ఇంటివారు వాపోతారు. బిడ్డకు జుట్టు రాలిపోతుంది. నోరంతా పూసి ముద్ద మింగుడుపడదు. రక్తం తగ్గి ముఖం పాలిపోతుంది, జ్వరం వస్తుంది. ఇదంతా చూసిన తల్లిదండ్రులు చికిత్స మధ్యలోనే బిడ్డను ఇంటికి తెచ్చుకొని పసరు మందులకు, మొక్కుబడులకు పూనుకొనడం మన డెల్టా గ్రామాల్లో కొత్త సంగతి కాదు. వారిది ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నందువల్లనే భయపడుతున్నారు. అయితే ఆ భయానికి జవాబు చెప్పగల మనిషి ఒకరు మన పొరుగు ఊరిలోనే పుట్టారు. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు విన్నవారు చాలామంది ఉన్నారు గాని, ఆయన చేసిన పని మన ఇంటి మందుల డబ్బాలోకి ఎట్లా వచ్చిందో తెలిసినవారు తక్కువ.

విజయవాడలో రైలెక్కి గుడివాడ, కైకలూరు, ఆకివీడు దాటితే భీమవరం వస్తుంది. 1895 జనవరి 12వ తేదీన సుబ్బారావు ఆ ఊరిలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. 1904 నుండి 1925 వరకు భీమవరం తాలూకా కృష్ణా జిల్లాలోనే ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది ఆ తరువాతనే. కనుక ఆయనను మన జిల్లావాడని చెప్పుకొనే హక్కు కొంత మనకూ ఉన్నది.

చిన్ననాడు ఆయన చదువులో ముందున్న పిల్లవాడు కాదు. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని అతని ఆలోచన. తల్లి పట్టి వెనక్కు తెచ్చి రాజమండ్రిలో బడికి పంపింది. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి రాసి గట్టెక్కాడు. తండ్రి మరణించాక ఇల్లు గడవడమే కష్టమైనా, తల్లి నగలు అమ్మి చదివించిందని చెబుతారు. పరీక్ష తప్పిన బిడ్డను పనికిరానివాడని తీసిపారేసే తల్లిదండ్రులు ఈ తల్లిని జ్ఞాపకం ఉంచుకోవాలి.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మిషనులో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనివానిని చేర్చుకొనడానికి మిషను పెద్దలు ఇష్టపడక, వైద్యం చదివి ప్రజలకు సేవ చేయమని సలహా ఇచ్చారు. అట్లా ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. చదువు సాగడానికి అనపర్తి వాస్తవ్యులైన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకున్నారు.

అవి గాంధీగారి స్వదేశీ పిలుపు మోగుతున్న దినాలు. సుబ్బారావు శస్త్రచికిత్స గదికి ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుగారికి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టారు. దానితో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో కుదిరారు.

ఆ సంవత్సరాల్లోనే ఆ ఇంట పెద్ద విషాదం జరిగింది. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఆ రోగం పేరు స్ప్రూ. పాతకాలపువారు సంగ్రహణి అనే జబ్బుకు ఇది దగ్గరిది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం పలచబడిపోతుంది, చివరికి మనిషి ఎండి రాలిపోతాడు. దానికి కారణమేమిటో, మందేమిటో ఆనాడు ఏ డాక్టరుకూ తెలియదు. వైద్యం చదివి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోవడం ఆయన మనసులో నిలిచిపోయింది. ఆయన తరువాతి జీవితమంతా ఆ ప్రశ్నకు జవాబు వెదకడమేనంటే అతిశయోక్తి కాదు.

1923లో ఆయన అమెరికా చేరారు. ప్రయాణానికి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేశారు. బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు వ్యాధుల చదువుకు చేరారు. చేతిలో డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు, డాక్టరు చదువు చదివినవాడు ఆ పనిని చిన్నతనంగా తలచలేదు. తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరారు.

అక్కడ ఆయన చేసిన మొదటి పని రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి. 1925లో ప్రకటించిన ఆ పద్ధతికి ఫిస్క్, సుబ్బారావుల పేర్లే ఉన్నాయి. దేశదేశాల విద్యార్థులు తరతరాలుగా దానిని నేర్చుకున్నారు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వారు గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా వేరుగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. మనం చెయ్యి ఎత్తినా, గుండె కొట్టుకున్నా, కణంలో ఖర్చయ్యే శక్తికి నాణెం వంటిది ఏ.టి.పి. పట్టా ఇవ్వడానికి మద్రాసులో సందేహించిన మనిషికి 1930లో హార్వర్డు డాక్టరేటు ఇచ్చింది. కాని అక్కడ స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఆయనకు లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు మారి, కొద్దికాలానికే అక్కడి పరిశోధనకంతటికీ అధిపతి అయ్యారు.

ఇక్కడ మనం కొంచెం వెనక్కు పోవాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ప్రాణాంతకమైన రక్తహీనత ఎందుకు వస్తున్నదో కనుగొనడం ఆమె పని. ఇనుము ఇచ్చినా నయంకాని ఆ రక్తహీనత, ఈస్టునుండి తీసిన మార్మైట్ అనే చవక ఆహారపు ముద్ద తినిపిస్తే నయమవుతున్నదని ఆమె 1931లో ప్రకటించింది. అయితే ఆ ముద్దలో పనిచేసేది ఏమిటో తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర జాతి ఆకునుండి ఒక పదార్థాన్ని తీశారు. దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. లత్తీను భాషలో ఫోలియుం అంటే ఆకు. బొంబాయి గర్భిణులను బ్రతికించిన పదార్థమూ ఇదేనని తరువాత తేలింది.

ఆకునుండి, కాలేయంనుండి చిటికెడు పొడి తీయడానికే పెద్ద కార్ఖానా కావాలి. లోకంలోని రోగులందరికీ అది చాలదు. దాని రసాయన నిర్మాణం కనుగొని, ప్రయోగశాలలో తయారుచేయాలి. సుబ్బారావు ఆధ్వర్యంలో లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందం 1945లో ఆ పని సాధించింది. వెంటనే టామ్ స్పైస్ అనే అమెరికా డాక్టరు ఆ మందును అమెరికాలోను, క్యూబా ద్వీపంలోను స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. మంచం పట్టినవారు కొద్ది దినాల్లో ఆకలి వేసి లేచి కూర్చున్నారు. రక్తం పుంజుకున్నది. భీమవరపు అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న రోగానికి, వారి తోబుట్టువు నడిపించిన పరిశోధనశాలనుండే మందు వచ్చింది. వారు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

అయితే మంచి మందుకు కూడా హద్దు ఉంటుందని ఆ రోజుల్లోనే తెలిసింది. పెర్నీషియస్ ఎనీమియా అనే మరొక రక్తహీనత ఉన్నది. దానికి ఫోలిక్ ఆసిడ్ ఇస్తే రక్తం బాగుపడేది గాని, కాళ్లు తిమ్మిరెక్కి నరాలు చెడిపోవడం ఆగేది కాదు. అసలు లోటు వేరొక విటమిను. 1948లో బయటపడిన బి12 అది. రక్త పరీక్ష బాగున్నదని తృప్తిపడి ఊరుకుంటే మనిషి నడవలేని స్థితికి వచ్చేవాడు. ఒక రోగం నయమైనట్టు కనబడి మరొక హాని లోపల పెరగవచ్చునని వైద్యులు అప్పుడు నేర్చుకున్నారు. మందు చేసే మేలును కొలిచే శ్రద్ధతోనే దాని కీడును కూడా కొలవాలన్నది ఆనాటి పాఠం.

ఈ పాఠం మరింత కఠినంగా బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఎదురైంది. అక్కడ సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించి రోగ కారణం తెలుసుకునే శాఖలో పనిచేసేవాడు. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలను ఆయన ఎందరినో చూశాడు. ఎముక మూలుగలో తెల్లకణాలు అదుపు తప్పి పెరిగి, మంచి రక్తం పుట్టడానికి చోటు లేకుండా చేసే రోగం అది. ఆనాడు ఆ రోగం వచ్చిన బిడ్డ వారాల్లోనో నెలల్లోనో చనిపోవలసిందే. రక్తహీనతను నయంచేసే ఫోలిక్ ఆసిడ్ ఈ పిల్లల రక్తాన్ని కూడా బాగుచేస్తుందేమోనని అనుకొని, లెడర్లీనుండి ఆ జాతి మందులు తెప్పించి వాడారు. జరిగింది దానికి విరుద్ధం. పిల్లల మూలుగలో రోగకణాలు ఇంకా వేగంగా పెరిగాయి.

ఇటువంటి ఫలితం వచ్చినప్పుడు దానిని కప్పిపెట్టడం సులభం. ఫార్బర్ కప్పిపెట్టలేదు. దాని అర్థమేమిటని ఆలోచించాడు. ఈ పదార్థం తిని రోగం బలిసిందంటే రోగానికి కూడా ఇదే అన్నమన్నమాట. మరి ఆ అన్నాన్ని అడ్డుకుంటే? ఫోలిక్ ఆసిడ్‌ను పోలి ఉండి దాని పని చెడగొట్టే పదార్థాల కోసం సుబ్బారావును ఆశ్రయించాడు. ఫోలిక్ ఆసిడ్ నిర్మాణం అణువణువూ తెలిసిన బృందం ఆయనది. ఎక్కడ ఏ చిన్న మార్పు చేయాలో వారికి తెలుసు. ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని పదార్థాలు పంపారు. 1947 చివరలో పంపిన అమినోప్టెరిన్ బలంగా పనిచేసింది.

మనవారికి అర్థమయ్యేట్టు దీనిని వడ్లమరతో పోల్చవచ్చు. శరీరంలోకి వచ్చిన ఫోలిక్ ఆసిడ్ వడ్ల వంటిది. కణం దానిని మరలో ఆడించి బియ్యంగా మార్చుకుంటేనే కొత్త కణాలు పుట్టడానికి పనికివస్తుంది. అమినోప్టెరిన్ చూడటానికి వడ్లగింజలాగే ఉండే రాయి. వడ్లతోపాటు మరలోకి పోయి ఇరుక్కుంటుంది. మర ఆగిపోతుంది. ఎక్కువ కణాలను పుట్టించే చోట ఎక్కువ బియ్యం కావాలి కనుక, అదుపు లేకుండా పెరిగే రోగకణాలు ముందుగా ఆకలితో చస్తాయి.

1948 జూన్‌లో ఫార్బర్, ఆయన తోటి డాక్టర్లు తమ ఫలితాలను ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రకటించారు. మందు ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి రోగం వెనక్కు తగ్గింది. చావు బ్రతుకుల మధ్య ఉన్న పసివారు లేచి ఆడుకున్నారు. ఇది వారు చెప్పిన సంతోషవార్త. అదే పత్రంలో వారు మరి రెండు నిజాలు కూడా రాశారు. ఈ మేలు తాత్కాలికమేనన్నది ఒకటి. మందువల్ల పిల్లలకు నోరు పూయడం వంటి హానులు కలుగుతున్నాయన్నది రెండవది. ఆశను, హానిని ఒకే కాగితం మీద రాసిన ఆ నిజాయితీనుండే క్యాన్సరు మందుల వైద్యం ముందుకు సాగింది.

నోటిపూత ఎందుకు వస్తుందో ఇప్పుడు పాఠకులకు తేలికగా తెలుస్తుంది. మన శరీరంలో రోజూ కొత్త కణాలు పుట్టే స్థలాలు కొన్ని ఉన్నాయి. నోటిలోని పలుచని పొర, పేగుల లోపలి పొర, వెంట్రుకల మొదళ్లు, ఎముకల మూలుగ అటువంటివి. మర ఆగినప్పుడు రోగంతోపాటు ఇవి కూడా పస్తులుంటాయి. అందుకే నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి, క్యాన్సరు మందులకు జుట్టు రాలుతుంది. మూలుగ పస్తుంటే తెల్లకణాలు తగ్గి జ్వరాలు, ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం, ఎర్రకణాలు తగ్గి నీరసం వస్తాయి. ఇది వైద్యుని అజాగ్రత్త కాదు, ఎవరో చేసిన చేతబడి అంతకన్నా కాదు. మందు పని చేసే తీరులోనే ఈ బాధ ఉన్నది. స్ప్రూ రోగంలో సుబ్బారావు సోదరులకు నోరు పూసి, రక్తం తగ్గడానికి కూడా ఈ అన్నం కరువే ఒక ముఖ్య కారణం. ఆ కరువును తీర్చడానికి జీవితం ధారపోసిన మనిషి, అదే కరువును రోగంమీదికి ఆయుధంగా మలచవలసి వచ్చింది.

అమినోప్టెరిన్ చెల్లెలి వంటి మరొక మందు కూడా ఆ పరిశోధనశాలనుండే వచ్చింది. మెథోట్రెక్సేట్ అని దాని పేరు. దాని హానిని అదుపులో పెట్టడం కొంత తేలిక కావడంతో అదే నిలిచింది. 1956లో లీ, హెర్ట్జ్ అనే డాక్టర్లు గర్భంలోని మాయనుండి పుట్టే ఒక క్యాన్సరును ఈ మందుతో నయంచేసి చూపారు. గడ్డగా పెరిగే క్యాన్సరు మందులతోనే కుదిరిన తొలి ఉదాహరణలలో అది ఒకటి.

మరి మందు చేసే హానికి విరుగుడు? అది కూడా ఆకు పదార్థం కుటుంబంనుండే వచ్చింది. 1948లోనే బయటపడిన ఆ పదార్థం ఫోలినిక్ ఆసిడ్. మందుగా దాని పేరు ల్యూకోవొరిన్. మన పోలికలో చెప్పాలంటే ఇది మర ఆడించిన బియ్యం. మర ఆగిపోయి ఉన్నా కణం దీనిని నేరుగా వాడుకోగలదు. 1970 దశకంలో బోస్టన్ డాక్టర్లు ఎముక క్యాన్సరు వచ్చిన పిల్లలకు మునుపు ఊహించను కూడా ఊహించనంత మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కించి, గంటలు లెక్కపెట్టి ల్యూకోవొరిన్ ఇచ్చి మంచి కణాలను కాపాడారు. ఆనాటినుండి రక్తంలో మందు ఎంత మిగిలి ఉన్నదో కొలవడం, మూత్రపిండాలను కనిపెట్టి ఉండటం, విరుగుడు ఎప్పుడు ఆపాలో నిర్ణయించడం ఒక ప్రత్యేక శాస్త్రంగా పెరిగింది. చికిత్సలో కలిగే హానులను గురించిన పరిశోధనకు పత్రికల్లో పెద్ద అక్షరాలు దొరకవు. కాని బిడ్డ చికిత్స పూర్తి అయ్యేదాకా బ్రతికి ఉండటానికి ఆధారం అదే.

ఒక మందుతో తాత్కాలికమైన మేలు అనేక మందులు కలిసినప్పుడు శాశ్వతమైంది. డానీ థామస్ అనే కథోలిక హాస్యనటుడు పునీత యూదా తద్దేయుగారికి మొక్కుకున్న మొక్కు తీర్చుకొనడానికి అమెరికాలోని మెంఫిస్ నగరంలో పిల్లల ఆసుపత్రి కట్టించాడు. 1962లో అది తెరచుకుంది. అక్కడ డొనాల్డ్ పింకెల్ అనే డాక్టరు మెథోట్రెక్సేట్‌తోపాటు మరికొన్ని మందులను, రేడియేషన్‌ను క్రమపద్ధతిలో కలిపి రెండు మూడు సంవత్సరాలపాటు చికిత్స చేశాడు. 1970 నాటికి సగంమంది పిల్లలు నిలబడ్డారు. ఇప్పుడు వసతులున్న దేశాల్లో పిల్లలకు తరచుగా వచ్చే రక్త క్యాన్సరునుండి పదిమందిలో తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు. ఆ కలిపిన మందులలో మెర్కాప్టోప్యూరిన్ ఒకటి. దానిని గెర్‌ట్రూడ్ ఎలియన్‌తో కలిసి తయారుచేసిన హిచింగ్స్ కూడా ఒకప్పుడు హార్వర్డులో ఫిస్క్ శిష్యుడే. ఒకే ప్రయోగశాలనుండి వచ్చిన ఇద్దరి మందులను నేటికీ ఒకే బిడ్డ మింగుతున్నది. హిచింగ్స్‌కు, ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావుకు రాలేదు.

ఆయన దానిని చూడటానికి బ్రతికి లేరు. ఫార్బర్ పత్రం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్కులోని తన గదిలో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 సంవత్సరాలు. ఆ కొద్దికాలంలోనే ఆయన పరిశోధనశాలనుండి బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చాయి. ఆరియోమైసిన్‌ను కనుగొన్నది ఆయన వద్ద పనిచేసిన వృద్ధ శాస్త్రజ్ఞుడు డగ్గర్. బోదకాలు నివారణకు మన డెల్టా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. గర్భిణికి ఆరోగ్యకేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఫోలిక్ ఆసిడే. పుట్టబోయే బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా అది చాలావరకు కాపాడుతుందని 1991లో రుజువైంది. ఈ మాత్రలు మింగిన కుటుంబాలలో ఎన్నిటికి ఆయన పేరు తెలుసు? 1995లో మన ప్రభుత్వం ఆయన శతజయంతికి తపాలా బిళ్ల విడుదల చేసింది. ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.

ఈ జీవితంలో మెచ్చుకోలుతో సరిపెట్టలేని భాగం ఒకటి ఉన్నది. అమెరికా వెళ్లేటప్పుడు ఆయన భార్య గర్భవతి. మగబిడ్డ పుట్టి ఏడాది నిండకుండానే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. కొద్ది సంవత్సరాల్లో తిరిగివస్తానని వెళ్లిన మనిషి మళ్లీ స్వదేశంలో కాలు పెట్టలేదు. శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. భారతీయులకు పౌరసత్వం ఇవ్వడానికి అమెరికా 1946లో చట్టం చేసినా ఆయన ఆ పౌరసత్వం తీసుకోకుండానే, భారతీయుడిగానే మరణించారు. లోకంలోని బిడ్డలకు మేలు చేసిన మందు వెనుక ఒక తెలుగు స్త్రీ ఒంటరితనం కూడా ఉన్నది. మనం గొప్పవారిని తలచుకొనేటప్పుడు వారి ఇంటివారు చెల్లించిన మూల్యాన్ని మరచిపోవడం న్యాయం కాదు.

ఇక మన విచారణ కుటుంబాలు ఆయన పనినుండి తీసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

మెథోట్రెక్సేట్ ఇప్పుడు క్యాన్సరుకు మాత్రమే కాదు, కీళ్లవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి కూడా చిన్న మోతాదులో ఇస్తున్నారు. మన ఇళ్లలో పెద్దవారు ఎందరో వాడుతున్నారు. ఈ జబ్బులకు ఆ మాత్ర వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకున్నవారు మూలుగ ఎండిపోయి ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. దీనితోపాటు రాసే ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా కొన్ని కంపెనీలలో అదే పసుపు రంగులో, అదే చిన్న పరిమాణంలో ఉంటుంది. ఒకటనుకొని మరొకటి వేసుకుంటే ముప్పు. కనుక ఏ వారం ఏ మాత్ర అన్నది పెద్ద తెలుగు అక్షరాలతో డబ్బామీద రాయించండి. చదువురాని అమ్మమ్మకు ఆ రోజున ఇంటివారే చేతికివ్వండి. మాత్ర మరచిపోతే రెండింతలు వేయకండి, డాక్టరును అడగండి. గర్భం ధరించిన స్త్రీ గాని, ధరించదలచిన స్త్రీ గాని డాక్టరుకు చెప్పకుండా ఆ మందు ముట్టరాదు. అది కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. ఆ మందు వాడుతున్నవారికి నోరు పూసినా, జ్వరం వచ్చినా, చర్మంమీద కమిలిన మచ్చలు కనబడినా, ఆయాసంతో కూడిన పొడిదగ్గు వచ్చినా ఆలస్యం చేయక చూపించాలి. రక్తపరీక్షలకు రమ్మన్న తేదీలు తప్పకూడదు.

క్యాన్సరు చికిత్సలో ఉన్న బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకండి. తెల్లకణాలు తగ్గిన ఒంటిలో చిన్న జ్వరం కూడా గంటల్లో ప్రాణంమీదికి తెస్తుంది. ఇంట్లో ఉన్న మాత్ర వేసి పడుకోబెట్టడం, పసరు పోయడం చేయక, అదే రాత్రి చికిత్స చేస్తున్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. క్యాన్సరు మందు ఎక్కించుకొంటూ ఫోలిక్ ఆసిడ్ గాని, మరే బలం మాత్ర గాని సొంతంగా వేయరాదు. ఏ అన్నం ఎవరిని పోషిస్తుందో డాక్టరుకే తెలుస్తుంది. ఖర్చుకు భయపడేవారు 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మన రాష్ట్రంలో ఆరంభమైన ప్రభుత్వ పథకం గురించి ఆసుపత్రిలో విచారించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, చికిత్సను మధ్యలో వదలకపోవడం. మేలు కనబడిన మొదటి నెలల్లోనే మందు మానివేస్తే 1948 నాటి పిల్లల స్థితికే మన బిడ్డ తిరిగిపోతుంది. ఆనాడు వారికి మేలు తాత్కాలికం కావడానికి కారణం తోడు మందులు లేకపోవడం. ఈనాడు ఆ మందులు ఉన్నాయి, విరుగుళ్లూ ఉన్నాయి. నోరు పూసిందని, జుట్టు రాలిందని భయపడే తల్లిదండ్రులు ఆ బాధను డాక్టరుకు చెప్పుకోవాలి. దాచుకోనక్కరలేదు, దానిని చూసి పారిపోనూ అక్కరలేదు. ఆ బాధ ఎందుకు వస్తుందో, ఎట్లా తగ్గించాలో తెలుసుకొనడానికి డెబ్బై అయిదు సంవత్సరాలకు పైగా ఎందరో శ్రమించారు. ఆ శ్రమకు పునాది వేసినవారిలో, మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పిన భీమవరం పిల్లవాడు ఒకడు.